విడిపోని మన్ను

ఆప్ట్ ఊళ్ళో ఎర్రమన్ను, తెల్లమన్ను పొరలుగా పేర్చి, కోసి, అచ్చులో ఒత్తి, చలువరాతి చారలు తేలే పళ్ళేలు చేసే ఇళ్ళలో సిడోనిది ఒకటి. పాత గుంటలో తెల్లమన్ను అయిపోయి కొత్త గుంటది తెచ్చినప్పటి నుంచి పళ్ళేలన్నీ కాల్చేటప్పుడు ఆవంలో చారల వెంబడే విచ్చుకుంటున్నాయి. ఎర్రమన్ను ఎక్కువ ముడుచుకుంటుంది, ఈ కొత్త తెల్లది తక్కువ. ఒకదాన్నొకటి వదిలేస్తున్నాయి.

"ఈసారీ పగిలితే చారల పళ్ళేలకి దండం పెట్టేద్దాం వదినా. ఇంటి పెంకులు చేసుకుందాం," అన్నాడు మరిది ఎల్జియార్. "పెంకులకి ఇంతమంది ఎందుకు? నోరాద్‌ని మార్సెయ్‌లో పనికి పెడదాం."

సిడోని మార్సెయ్ వెళ్ళే దారికేసి చూసింది. కొడుకు సైన్యంలోకి వెళ్ళిందీ ఆ దారినే. అది మనుషుల్ని తీసుకుపోవడమే గాని, తెచ్చి దింపడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఉన్న ఒక్క కూతురూనా?

పగిలిన పళ్ళేల ముక్కలు రోట్లో వేసి దంచింది. జల్లించి ఎర్రమన్నులో పోసింది.

"చచ్చిన మన్ను తెచ్చి బతికిన మన్నులో కలుపుతావా! మా అన్న ఉంటే తల బాదుకునేవాడు."

"మీ అన్నతో నేను చెప్పుకుంటాలే. ఒకసారి కాలింది మళ్ళీ ముడుచుకోదు. ఎర్రదాని పొగరు దించడానికి ఇదే మందు."

ఆ మన్నుతో చేసిన పళ్ళేల్ని ఆవంలో పేర్చి కాల్చారు. అది చల్లారేదాకా సిడోని అక్కణ్ణుంచి కదల్లేదు. సెయింట్ ఆన్ పండుగ ఉదయం ఎల్జియార్ ఆవం మూతికి కట్టిన ఇటుకలు ఊడదీశాడు. మొదటి పళ్ళెం తీసి చారల మీద గోరు పెట్టి గీశాడు. ఎక్కడా పగులు తగల్లేదు. వదిన చేతిలో పెట్టాడు.

సిడోని వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. మరొకటి. అదీ ఖంగుమంది.

"చాలమ్మా! కొట్టి కొట్టి నువ్వే పగలగొట్టేలా ఉన్నావ్," అని నోరాద్ నవ్వింది.

గుడికి బయల్దేరిన ఆడవాళ్ళు వాకిట్లో ఆగిపోయారు. ఎల్జియార్ తేనెరంగు పూతలో చారలు మెరిసే పళ్ళేన్ని తలమీదికెత్తి, "రండి, మా వదిన పళ్ళేలు చూద్దురు గాని!" అని అరిచాడు.

"మీ అన్న పేరు చెప్పవేం?" అంది సిడోని.

"అన్న పళ్ళేలు ఇంత మోగలేదు వదినా. ఉన్నమాట."

నోరాద్ తల్లి పక్కకి చేరి మెల్లగా అడిగింది. "మరి మార్సెయ్ మాటో?"

"పళ్ళేలు కావాలంటే మార్సెయ్ వాళ్ళనే ఇక్కడికి రమ్మను!" అంది సిడోని, వీధి చివరిదాకా వినబడేలా.