సీటు వెనక సీసం

మా అన్నయ్య తన కూతుర్ని బస్తా అని పిలుస్తాడు. ముద్దుగానేనట. పన్నెండేళ్ళ పిల్ల, కాస్త బొద్దుగా ఉండేది, అచ్చం వాళ్ళమ్మ పోలిక. వాళ్ళమ్మ పోయాక వంటిల్లూ పిల్లా నా చేతికొచ్చాయి. పిల్ల ఎంత తినాలో చెప్పే పెత్తనం మాత్రం అన్నయ్య దగ్గరే ఉండిపోయింది.

అన్నయ్యది డ్రైవింగ్ స్కూలు. పక్క సీట్లో కూర్చుని జనాన్ని తిట్టడం, తన వైపున్న బ్రేకు తొక్కడం, ఏళ్ళ తరబడి అదే బతుకు. తను ఎక్కలేని రేసు బండి కూతురు ఎక్కాలని పట్టుబట్టాడు. నిజం చెప్పొద్దూ, పిల్లకీ ఆ పిచ్చి ఉంది. నేలకి జానెడెత్తులో కూర్చుని తోలే ఆ బుల్లి కార్ట్ కనబడితే దాని మొహం వెలిగిపోయేది. తొలి పోటీలో మొదటి ముగ్గురిలో నిలిస్తే అది తోలడం నేర్చుకుంటున్న క్లబ్బువాళ్ళు ఏడాదంతా ఊరికే శిక్షణ ఇస్తారు. దానికి ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

పోటీకి పేరిచ్చిన రోజే హాల్లో తలుపు పక్కన తూకం మిషను వెలిసింది.

"బండి తేలిగ్గా ఉంటే గాలిలా పోతుంది. ఈ బస్తాని మోస్తూ ఏం పోతుంది?" అన్నాడు అన్నయ్య.

ఆ రోజు నుంచి రొట్టె సగమైంది, తరవాత పావైంది. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని వీధి చివరిదాకా పరుగు. సాయంత్రం ముందుగదిలో చెక్కపెట్టెల మీద నిలబెట్టిన కార్ట్‌లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ట్రాక్‌లోని మలుపులన్నీ వరసగా పైకి చెబుతూ స్టీరింగ్ తిప్పేది. అన్నయ్య ఎదురుగా కుర్చీ వేసుకుని, కోడి కాలు కొరుకుతూ, "బ్రేకు! ఆలస్యం! మళ్ళీ మొదట్నుంచి!" అని అరిచేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

"ఎదిగే పిల్ల అన్నయ్యా. కడుపు మాడిస్తే చేతుల్లో సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

"స్టీరింగ్ తిప్పేది చేతులు, కడుపు కాదు. తెలియనిదాంట్లో వేలు పెట్టకు."

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే నరికేసే రకం.

ఒకరోజు ఉడికించిన గుడ్డు పిల్ల గ్లోవ్‌లో దాచిపెట్టాను. పిల్ల దాన్ని నా దగ్గరికే తెచ్చింది. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది, గుటక మింగింది.

"తీసేయ్ అత్తా. పొద్దున మిషను చెప్పేస్తుంది."

అప్పుడు నాకు అన్నయ్య మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ మిషన్ని మేడ మీంచి విసిరేయాలనిపించింది. విసిరేస్తే ఇంకోటి కొంటాడు, అంతే కదా.

పోటీ రోజుకి పిల్ల చెంపలు పీక్కుపోయాయి. రేసు సూటు దాని ఒంటి మీద ఆరేసినట్టుంది. అన్నయ్య మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నాడు. కార్ట్‌నీ, అందులో పిల్లనీ కలిపి పెద్ద తూకం మీదికి ఎక్కించారు. తూకం దగ్గరి పెద్దాయన అంకె చూసి తల అడ్డంగా ఊపాడు.

"చాలా తక్కువుంది సార్. బరువుకి సీసం పలకలు బిగించుకోండి."

"తక్కువైతే మంచిదే కదా?" అన్నాడు అన్నయ్య.

"బండీ పిల్లా కలిపి కనీస బరువు ఉండాలని మొదటి క్లాసులోనే చెప్పామే! ఆ లెక్కే లేకపోతే అందరూ పిల్లల్ని ఎండబెట్టి తెస్తారు."

చెప్పే ఉంటారు. ఎదుటివాళ్ళు చెబుతుంటే వినే అలవాటు మా అన్నయ్యకి ఏనాడూ లేదు.

పక్క కొట్లోంచి సీసం పలకలు తెచ్చి సీటు వెనక బోల్టులతో బిగించాడు. సీటు పిల్ల పాత ఒంటికి కొలిచి కొన్నది. ఇప్పుడు పిల్ల అందులో గిలక్కాయలా కదులుతోంది. రెండు పక్కలా స్పాంజి కుక్కాడు. దాని ఒంట్లోంచి పిండిందంతా సీసమై, స్పాంజై మళ్ళీ బండెక్కింది. అన్నయ్య సిగ్గుపడతాడేమోనని చూశాను.

"ఒకందుకు ఇదే నయం. సీసాన్ని కావలసినచోట పెట్టుకోవచ్చు. కండ అలా కాదు," అన్నాడు.

పెద్దాయన పోతూపోతూ, "కాస్త ఎక్కువే పెట్టుకోండి. రేసయ్యాక మళ్ళీ తూస్తాం. చెమటా పెట్రోలూ పోతాయి," అని చెప్పాడు.

"నా బండి మీద ఒక్క గ్రాము కూడా దండగ బరువు ఉండదు," అన్నాడు అన్నయ్య. పెట్రోలు పోయేదానికి మాత్రం లెక్కేసి సీసం పెట్టాడు. పిల్ల నీళ్ళడిగితే కసిరాడు. బాటిల్ నా చేతిలోనే ఉండిపోయింది.

పిల్ల ఎలా తోలిందని! ముందుగదిలో కళ్ళు మూసుకుని వల్లించిన మలుపులన్నీ ఇప్పుడు కళ్ళు తెరిచి తీసింది. చివరి మలుపులో ఒకణ్ణి దాటి మూడో స్థానంలో గీత దాటింది. నేను గొంతు చించుకుని అరిచాను, ఏడ్చాను కూడా.

బండిని తెచ్చి తూకం మీద ఆపింది. హెల్మెట్ తీస్తే జుట్టంతా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అయినా నవ్వుతోంది. పెద్దాయన అంకె చూశాడు, వంగి మళ్ళీ చూశాడు.

"పావుకిలో తక్కువ. నీ మూడో స్థానం లెక్కలోకి రాదు తల్లీ."

నాలుగోవాడు మూడోవాడయ్యాడు. దూరంగా ఎవరో చప్పట్లు కొట్టారు.

అన్నయ్య పిల్ల మీదికి వంగాడు. "తగ్గమన్నన్నాళ్ళూ తగ్గడానికి ఏడ్చావు. తగ్గకూడని ఒక్క పూటా తగ్గి చూపించావు. బస్తా!"

నేను బాటిల్ అందించాను. పిల్ల సీట్లోంచి లేవకుండానే గటగటా అంతా తాగేసింది. తూకం మీద అంకె పెరిగి, ఉండాల్సిన బరువు దాటింది. పిల్ల అది చూసింది.

"ఇంతుంటే చాలా నాన్నా?" అంది. "ఎంతుండాలో సరిగ్గా చెప్పు. అంతే ఉంటాను."

అన్నయ్య వినలేదు. స్పానర్ తీసుకుని సీటు వెనక కూర్చుని, సీసం పలకల్ని ఒక్కొక్కటే విప్పి, తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టుకుంటున్నాడు. పలక ఊడినప్పుడల్లా అంకె కిందికి దిగుతోంది. పిల్ల ఖాళీ బాటిల్ పట్టుకుని ఆ అంకెనే చూస్తూ కూర్చుంది.