కాలరు పెద్దమ్మ చేతులు

ఇలా నా వైపు జరుగు తల్లీ, ఆ దిండు కూడా లాక్కో. కాలరు పెద్దమ్మ సంగతి చెబుతాను, మధ్యలో లేచిపోకుండా విను.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఎనిమిది మిషన్లు ఒకే వరసలో ఉండేవి. ఒకామె జేబులు కుడితే ఇంకొకామె చేతులు కుట్టేది. కాలర్లు మాత్రం ఎప్పుడూ పెద్దమ్మే. ఇరవై రెండేళ్లుగా ఆవిడ వేళ్ల కింద వంకరపోయిన కాలరు లేదు. ఆవిడకు జ్వరమొస్తే మాత్రం మిగతా ఏడుగురూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవలసిందే.

అందుకని ఒక సోమవారం సూపర్‌వైజరు వచ్చి, ఇకమీదట ఎవరికి వారు పక్క మిషను పని కూడా నేర్చుకోవాలన్నాడు. పెద్దమ్మ పక్క మిషను గుండీలమ్మది. నిరుటిదాకా ప్యాకింగు గదిలో పెట్టెలు మోసి నడుము పోగొట్టుకున్న మనిషి. కూర్చుని చేసే పని దొరికిందని ఎంత సంబరపడిందో!

"శనివారం నా ఎదురుగా పది కాలర్లు కుట్టి చూపించాలమ్మా. కుట్టడం రాలేదంటే మళ్లీ ప్యాకింగుకే," అన్నాడాయన.

గుండీలమ్మ ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"నేను లేనూ? ఎందుకే అంత దిగులు, పిచ్చి మొహమా!" అంది పెద్దమ్మ.

గుండీలమ్మ కుట్టిన మొదటి కాలరుకు ఒక కొస కాకిముక్కులా, ఇంకో కొస చప్పిడిముక్కులా వచ్చాయి. "ఇటివ్వు, ఇటివ్వు," అంటూ పెద్దమ్మ లాక్కుని, పటపటా కుట్టు విప్పి, చిటికెలో సరిచేసి చేతిలో పెట్టింది. మర్నాడూ అదే వరస. పైగా అందరూ భోజనానికి వెళ్లగానే ఆవిడ గుండీలమ్మ బుట్ట ముందేసుకుని, వంకర కాలర్లన్నీ విప్పి మళ్లీ కుట్టి, ఏమీ ఎరగనట్టు పెట్టేసేది. తన పక్కమనిషి మాట పడకూడదు, అంతే.

గురువారం సూపర్‌వైజరు ఆ బుట్ట చూసి మెచ్చుకున్నాడు. వరసంతా చప్పట్లు కొట్టింది. గుండీలమ్మ నవ్వలేదు. చేతులు కడుక్కునే చోట పెద్దమ్మను నిలేసింది.

"పెద్దమ్మా, అవి నేను కుట్టినవి కావు."

"ఎవరు కుడితే ఏంటే? గండం గడిచిందా లేదా?"

"శనివారం ఆయన నా వెనకే నిలబడతాడు. అప్పుడు నా చేతుల్లో దూరి కుడతావా? ఎక్కడ తప్పుతున్నానో నన్ను చూసుకోనిస్తేగా! నీకు పుణ్యముంటుంది, నన్ను పాడుచెయ్యనివ్వు."

అప్పటిదాకా పెద్దమ్మ మంచే చేస్తున్నాననుకుంది మరి.

తిరిగొచ్చి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. జేబులు కుట్టే ఆమె అది చూసి, "ఏం పెద్దమ్మా, గుడ్లు పొదుగుతున్నావా?" అంది.

"అవునే, ఒక్కటైనా పిల్లవుతుందేమోనని. నీ జేబు చూసుకో, చిల్లు పడేట్టుంది!"

అప్పుడు చూసింది పెద్దమ్మ, గుండీలమ్మ కుట్టే తీరును, లాక్కోకుండా, మొదటిసారి. "కొసకొచ్చాక ఏం చేస్తున్నావు?"

"ఆపి గుడ్డ తిప్పుతున్నా."

"తిప్పేటప్పుడు సూది ఎక్కడుంది?"

గుండీలమ్మ వంగి చూసింది. "పైనుంది... అమ్మో! అందుకేనా గుడ్డ జారిపోతోంది? సూది గుడ్డలో దించి ఉంచి తిప్పాలా?"

ఇరవై రెండేళ్లుగా పెద్దమ్మ చెయ్యి చేస్తున్నది అదే. నోటితో చెప్పాలని ఆవిడకే తోచలేదు.

శుక్రవారం బుట్టనిండా పాడైన కాలర్లే, సాయంత్రానికి గానీ కొసలు తిన్నగా రాలేదు. సూపర్‌వైజరు చిటపటలాడాడు. "తిడితే నన్ను తిట్టండి బాబూ, పాడుచెయ్యమన్నది నేనే," అంది పెద్దమ్మ.

శనివారం ఆయన గుండీలమ్మ వెనక నిలబడ్డాడు. పెద్దమ్మ అటు చూడలేదు, చెవులు మాత్రం అక్కడే. మిషను కొస దగ్గర ఆగుతోంది, మళ్లీ సాగుతోంది. ఏడో కాలరు దగ్గర ఆగింది, ఎంతకీ కదలదు. పెద్దమ్మ లేవబోయి, పళ్ల బిగువున కూర్చుండిపోయింది. మిషను కదిలింది.

పదీ పూర్తయ్యాక ఆయన ఒకటి పక్కకు తీశాడు. "ఇది కొంచెం ఒరిగిందమ్మా."

"ఇటివ్వండి. ఎక్కడ తప్పిందో నాకు తెలుసు," అని గుండీలమ్మ తనే విప్పి, తనే కుట్టిచ్చింది.

ఆయన ఆ కొసను వేలితో తడిమి చూశాడు. "ఇక్కడే ఉండమ్మా. సోమవారం నుంచి జేబులావిడకు కాలర్లు నువ్వే నేర్పు," అన్నాడు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటుంటే గుండీలమ్మ వచ్చి పక్కన ఆనుకుని కూర్చుంది.

రేపు నీ పక్కన ఎవరైనా కొత్తగా పనిలో చేరితే, ఈ కథ గుర్తుపెట్టుకుని చెప్పు తల్లీ. చెప్పేటప్పుడు శనివారం సంగతికి తొందరపడి పరిగెత్తకు. పెద్దమ్మ తన చేతుల మీద కూర్చున్న గురువారం సంగతి నిదానంగా చెప్పి, అప్పుడు అక్కడికి రా.