వాసెన గుడ్డ

ఆవకాయ కలిపిన మూడోరోజు జాడీ తీసి, తిరగగలిపి, ఉప్పు చూసి, మళ్ళీ వాసెన కట్టడం ఆ ఇంట్లో ఎప్పుడూ కాంతమ్మ పనే. కోడలు కాయలు కొట్టవచ్చు, ఆవాలు దంచవచ్చు, నూనె క్యాను మోసుకురావచ్చు. వాసెన మాత్రం అత్తగారి చేతిమీదుగా పడాల్సిందే. ఈ వేసవికి ఆవిడ లేదు. ఉగాది దాటిన వారానికే పోయింది. ఝాన్సీలక్ష్మి జాడీ ముందు చతికిలబడి, మూతిమీద తెల్లగుడ్డ పరిచి పురికొస చుట్టింది. ఆ గుడ్డ అంటే ఆమెకు మొదటినుంచీ ముచ్చటే. పట్టుకుంటే పలచన, నేత మాత్రం చీమ దూరనంత చిక్కన. ఎన్ని ఉతుకులకీ చిరగదు. నరసరావుపేట బజారంతా గాలించినా అలాంటిది దొరకలేదు. మూలన వెలిసిపోయిన ఎర్రమరక ఒకటి ఉంటుంది, చాకలి గుర్తేమో అనుకునేది. ఎక్కడివి అత్తయ్యా ఇవి అని కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే, ఉన్నాయిలేమ్మా అంది కాంతమ్మ. పాతికేళ్ళ తరవాత అడిగినా ఉన్నాయిలేమ్మా అనే అంది.

షాపుకి బయలుదేరుతూ మొగుడు గోపీనాథ్ వంటింటి గుమ్మంలో ఆగాడు. ఇవాళ ఎలాగైనా పెట్టె తెరిచి, దుమ్ము తుడిచి, కాగితాలు వరసన సర్దిపెట్టమన్నాడు. దేన్నీ పాడుచెయ్యొద్దని కూడా అన్నాడు. శనివారం ఒంటిపూట బడి, నీకు తీరికేగా అని చివర్న కలిపాడు. తీరిక అనే మాట ఆ ఇంట్లో ఝాన్సీ గురించి వాడినంత ధారాళంగా ఇంకెవరి గురించీ వాడరు.

పెట్టె మామగారు అమరేశ్వరరావుది. డెబ్భై ఒకటి యుద్ధం నాటికి ఆయన పూనా వైపు ఏదో మిలటరీ వర్క్‌షాపులో ట్రేసరుగా చేశాడు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మలమీద గంజిపెట్టి మెరుగుపట్టించిన లేత నీలం బట్ట పరిచి, నల్లసిరాతో గీత గీతా దింపే ఉద్యోగం. అన్నీ నదులమీద తేలే వంతెనల బొమ్మలు. పొరపాటు పడ్డ బొమ్మల్ని తగలెయ్యమంటే ఆయనకి మనసొప్పలేదు. మానేసి వచ్చేటప్పుడు ఇనప్పెట్టె నిండా తెచ్చుకున్నాడు. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో ఇంగ్లీషులో సీక్రెట్ అని ముద్ర. ఆ ముద్ర రద్దయిందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి అవి ఇప్పటికీ రహస్యాలే.

ఆ పెట్టె గురించి ఆయన మాట్లాడేవాడేగాని తెరిచేవాడు కాదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాలితో దాన్ని చూపించి, ఇందులో ఏముందో బయటికి చెబితే జైలే అనేవాడు. కాంతమ్మకి కూడా చెప్పలేదా అని ఎవరైనా వేళాకోళమాడితే, ఆడవాళ్ళకి చెప్పటమూ మైకులో చెప్పటమూ ఒకటేగా అని నవ్వేవాడు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు పెట్టె ఉన్న గదిలోకి రాకూడదు. అదేమి మిలటరీ రూలో ఝాన్సీకి ఎప్పటికీ అర్థం కాలేదు. అయితే ముట్టుకోకూడని ఆ సరుకుని ఏటా రోహిణికార్తెలో దొడ్లో ఎండబెట్టి, దులిపి, కలరా ఉండలు వేసి మళ్ళీ సర్దే పని మాత్రం కాంతమ్మదే. అందుకని తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉండేది. ఆయన పోయాక కూడా అక్కడే ఉంది. ఆసుపత్రి మంచంమీద, పోయే ముందురోజు, దాన్ని తీసి కోడలి చేతిలో పెట్టింది. నాన్న కాగితాలు దానికెందుకమ్మా, నేను లేనా అన్నాడు గోపీనాథ్, నొచ్చుకుని.

"ఈ పెట్టె ఝాన్సీది. దానికైతే తెలుస్తదిలేరా" అంది కాంతమ్మ.

గోపీనాథ్ చెడ్డవాడు కాదు. తండ్రంటే ప్రాణం. మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఆదివారం సభ పెడుతున్నారంటే, తనే వెళ్ళి ఆ కాగితాల ప్రదర్శనకి ఒక బల్ల అడిగాడు. 'దేశరక్షణలో పల్నాటి బిడ్డ' అని తండ్రి ఫొటోతో ఫ్లెక్సీ కూడా వేయించాడు. చార్టులు రాసిపెట్టమని ఝాన్సీకి చెప్పాడు. చార్టులు రాయడం ఆమెకు కొత్త కాదు. ఆమె లెక్కల టీచరు. బడిలో సైన్సు ఫెయిర్ వచ్చిందంటే ఫిజిక్స్ సారు, మీ గీత బాగుంటుంది మేడం అంటూ వచ్చి కూర్చుంటాడు. ఆమె రెండు సాయంత్రాలు నడుం విరుచుకుని గీస్తుంది. కింద సారు తన సంతకం పెట్టుకుంటాడు. పోయినేడు కలెక్టరుగారి చేత శాలువా కూడా కప్పించుకున్నాడు. ఆ శాలువా గుర్తొస్తే ఝాన్సీకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం అన్నం తిని పెట్టె తెరిచింది. పైన టైపుకొట్టిన కాగితాలు, కింద మడతలు నలిగిన నీలం ప్రింట్లు, అన్నిటిమీదా ముద్ర. వాటికింద బట్టమీద గీసిన వంతెన ఒకటి. ఎంత సన్నని గీతలో! ఆయన చేతిపనికి ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. దానికింద ఇంకో వంతెన ఉండాలి. లేదు. తెల్లగా ఉతికిన గుడ్డలు ఉన్నాయి. అంచులు కుట్టిన చేతిరుమాళ్ళు. దారాలతో ముడివేసే పురిటి జుబ్బాలు. నాలుగు మడతలుగా, పొడుగ్గా కుట్టిన గుడ్డలు కట్టలు కట్టలుగా. తీసిన ప్రతిదాని మూలా వెలిసిపోయిన ఎర్రమరక. ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూస్తే అక్షరాలు కనిపించాయి.

ఝాన్సీ మిగిలిన వంతెనని వంటింట్లోకి తీసుకెళ్ళి వేలెడంత మూలని చెంబులో ముంచింది. గంజి కరిగింది, నల్లగీత నీళ్ళలోకి జారిపోయింది, కింద వాసెన గుడ్డ బయటపడింది. ఆమె అక్కడే జాడీ పక్కన కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఏడుపొచ్చింది.

ఆ పొడుగు గుడ్డలు ఆమెకు తెలుసు. కాపురానికొచ్చిన మొదటి నెలలో బయట చేరింది. పుట్టింటినుంచి తెచ్చుకున్నవి చాలలేదు. మందులషాపులో కొనుక్కురమ్మని మొగుణ్ణి అడగడానికి సిగ్గు, పరాయి ఊళ్ళో తను వెళ్ళాలంటే భయం. సాయంత్రం కాంతమ్మ వెనకగదిలోకి వచ్చి దిండు పక్కన ఒక కట్ట పెట్టింది. "వాడుకోమ్మా. చానా మెత్తగుంటయ్. ఎవర్నీ అడగబన్లేదు" అంది. తర్వాత ఎప్పుడో, గోంగూర ఒలుస్తూ, తన సంగతి కూడా చెప్పింది. ఒకసారి పాతపంచె ఇమ్మని మొగుణ్ణి అడిగిందట. పంచె ఇంకా బాగానే ఉందిగా, ఇంట్లో ఉన్నదాంతో సర్దుకోవాలి అన్నాట్ట అమరేశ్వరరావు. ఇంకెప్పుడూ అడగలేదులే అని కాంతమ్మ కాడలు పక్కకి నెట్టింది. మొగుడి మాట జవదాటని ఇల్లాలు, ఇంట్లో ఉన్నదాంతోనే సర్దుకుంది మరి.

ఈ గుడ్డలు దాచేసి కాగితాలు మాత్రం ఇస్తే రేపు ఎవరికీ ఏమీ తెలియదు. కానీ తెలిస్తే, యుద్ధపు బొమ్మల్ని ముట్టుగుడ్డలు చేసిందని పోయిన మనిషిని నలుగురూ ఏమంటారో ఝాన్సీకి తెలుసు. సాయంత్రం దాకా అదే ఆలోచన.

దీపాలు పెట్టే వేళకి గోపీనాథ్ వచ్చాడు. మంచంమీద పరిచి ఉన్నవాటిని చూసి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక మొహం పాలిపోయింది. ఎవరు చేశారిది అంటే, అత్తయ్య అంది. నాన్న చూసుంటే ఏమైపోయేవాడు, ఫ్లెక్సీ కూడా కట్టేశారుగదే అని తలపట్టుకున్నాడు. ఝాన్సీ ఒక జుబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. ఇదెవరిది అన్నాడు. మీదే అంది. అరచేయంత జుబ్బాని అటూ ఇటూ తిప్పి, మూలనున్న ముద్ర చదివి, అతను కాస్త నవ్వాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కలరా ఉండల వాసన తప్ప ఏముంటుంది, అయినా చాలాసేపు తియ్యలేదు.

మరి ఇవేంది అని పొడుగు గుడ్డలు చూపించాడు. ఝాన్సీ నీళ్ళు నమలకుండా చెప్పింది. అతను గుమ్మంవైపు చూశాడు, తండ్రి వింటున్నాడేమోనన్నట్టు.

"అమ్మ నన్నడగొచ్చుగా" అన్నాడు చివరికి. "పెద్దోణ్ణయినాకన్నా అడగొచ్చుగా. తెచ్చేవాణ్ణిగా నేను."

"నేనూ అడగలేదు మిమ్మల్ని" అంది ఝాన్సీ.

అతను తలెత్తి ఆమెవైపు చూశాడు. నువ్వు కూడా ఇవేనా అని అడగబోయి, అడగలేకపోయాడు. ఆమె తలూపింది. కీర్తి పుట్టేదాకా ఇవేనంది. ఆ కూతురు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, తనకు కావలసింది తండ్రితో ఫోన్లోనే చెప్పి తెప్పించుకుంటుంది. గోపీనాథ్ మంచం అంచున కూర్చుని చాలాసేపు జుబ్బా దారాలు ముడివేస్తూ, విప్పుతూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, ప్రేమగానే అన్నాడు.

"రేపటికి ఆ కాగితాలు చాల్లే. ఇయ్యన్నీ లోపల పెట్టెయ్. ఎవరికీ చెప్పబాక."

మాట మెత్తనిదే, కానీ ఝాన్సీకి అందులో మామగారి గొంతు వినిపించింది. అత్తగారు ఒక్కమాటైనా పొక్కనివ్వకుండా యాభై ఏళ్ళు మోసింది చాలదూ, ఇప్పుడు తను కూడా మొదలుపెట్టాలా? కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి మంచంమీద పెట్టింది.

"అత్తయ్య పెట్టె నాకిచ్చిందండీ" అంది.

అతను తాళంచెవిని చూశాడు, ఆమెని చూశాడు. అయితే ఏం రాస్తావో రాయి అన్నాడు, ఓడిపోయినవాడిలా కాదు, తెలుసుకోవాలని ఉన్నవాడిలా. ఝాన్సీ బడి చార్టొకటి నేలమీద పరిచింది. అది చుట్టుకుపోతుంటే అతనే వచ్చి పక్కన కూర్చుని రెండు మూలలూ అదిమిపట్టాడు. రేపు బల్లమీద పెట్టాల్సినవి మూడు విడిగా తీసింది: మూల తడిసిన వంతెన, జుబ్బా, పొడుగు గుడ్డ. స్కెచ్‌పెన్ను తీసుకుని ముందు చార్టు కింది మూలన తన సంతకం పెట్టింది. ఆ తర్వాత పైనుంచి పెద్దక్షరాలతో రాసింది:

"ఈ గుడ్డలు కాంతమ్మగారివి. ఒకప్పుడు వీటిమీద అమరేశ్వరరావుగారు వంతెనలు గీసేవారు."