దేవుడి కంట పడ్డ బిచ్చయ్య

ఆరేళ్లుగా నాంపల్లి స్టేషను వెనక సందులో శివుడికి అభిషేకం చేసీ చేసీ నాకు శివుడంటే విసుగు పుట్టింది. అర్చకుడు పైకి అనకూడని మాటే, కాని నిజం. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు మా బావగారు సెక్రటేరియట్ ఉద్యోగానికి హైదరాబాదు వస్తూ, గుంటూరులో పనిలేక తిరుగుతున్న నన్ను కూడా రైలెక్కించి ఈ గుడిలో కుదిర్చారు. సోమయాజులు అని పేరు పెట్టుకున్నందుకు యజ్ఞాలు చేయకపోయినా అర్చనలైనా చేసుకోమన్నారు.

వచ్చిన రెండేళ్లకు మా ఆవిడ పోయింది. మైల తీరిన మర్నాడే వచ్చి అభిషేకం చేశాను. దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. ఏమని అంటాం, జీతం ఇచ్చే యజమానిని అన్నట్టుంటుంది. అప్పటినుంచి నోరు దాని మానాన అది మంత్రం చదువుతుంది, నేను నా మానాన నేను గోడ మీది బల్లిని చూస్తూ ఉంటాను. ఒకరికి కొడుకు పాసవ్వాలి, ఒకరికి బదిలీ ఆగాలి. ఇన్నిన్ని కోరికలు విని ఆయనకు విసుగు పుట్టిందో లేదో తెలియదు, నాకు మాత్రం పుట్టింది.

ఏమీ అడగని భక్తుడు ఒక్కడే ఉండేవాడు, బిచ్చయ్య. యాభై దాటిన మనిషి. బేగం బజారులో సరుకు తోపుడు బండి మీద వేసుకుని ఆబిడ్స్ దుకాణాలకు చేరవేసేవాడు. రోజూ పొద్దున్నే ఖాళీ బండి సందు మొదట్లో ఆపి లోపలికి వచ్చి, మంటపంలో ఎడమచేతి స్తంభం వెనక నిలబడేవాడు. అక్కడినుంచి అతనికి శివుడు కనబడడు, శివుడికి అతను కనబడడు. తీర్థానికైనా ముందుకు రాడు. నేనే వెళ్లి చేతిలో పోయాలి.

"స్తంభానికి మొక్కడానికి ఇంత దూరం దేనికయ్యా, సందు చివర కరెంటు స్తంభం ఉందిగా" అని ఒకసారి వేళాకోళమాడాను. నవ్వేసి ఊరుకున్నాడు. ఒక శివరాత్రికి జాలిపడి, పేరు చెప్పు, ఊరికే అర్చన చేస్తానన్నాను. మనిషి మొహం మాడిపోయింది.

"వద్దయ్యగారు. నా పేరు ఆయన చెవిల పడొద్దు."

ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. అతనికి ముందు పుట్టిన నలుగురూ పురుట్లోనే పోయారు. ఐదోవాడు పుట్టగానే తల్లి ఐదిళ్లు తిరిగి బిచ్చమెత్తి, అడుక్కొచ్చిన పాతగుడ్డలో బిడ్డను చుట్టి బిచ్చయ్య అని పిలిచింది. వీడు ఇంటి బిడ్డ కాదు, ఎవరో పడేసిన బిచ్చం అనుకుని దేవుడు వదిలేస్తాడని ఆశ. పిల్లలు నిలవని ఇళ్లలో ఇలాంటి పేర్లు మామూలే. మా వైపూ పుల్లయ్యలూ పెంటయ్యలూ కావలసినంతమంది. అయితే ఈ తల్లి పేరుతో ఆగలేదు. "దేవుని ముంగట నిలవడకు కొడుకా, నువ్వు ఉన్నవని ఆయనకు యాదికొస్తది" అని చెప్పి మరీ పెంచింది. ఆమె పోయి ముప్పై ఏళ్లయినా కొడుకు ఆ మాట దాటలేదు. గుడికి రాకుండా ఉండలేడు, వచ్చి కనబడలేడు.

నాకు నవ్వొచ్చింది. శివుడికి అంత జ్ఞాపకశక్తే ఉంటే నేను ఇక్కడ ఇలా పడి ఉండేవాణ్ణా అనుకున్నాను.

అరవై మూడో సంవత్సరం ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం. నైవేద్యం అయిపోయింది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. గర్భగుడికి ఉన్న కమ్మీల తలుపు లాగుతుండగా బిచ్చయ్య వచ్చాడు. స్తంభం వైపు పోలేదు. నడిమధ్య నుంచి నడిచి వచ్చి శివుడికి ఎదురుగా నిలబడ్డాడు. 

"తలుపు వెయ్యకుండ్రి అయ్యగారు. నాకు ఆయనతోటి మాటున్నది."

"నాలుగింటికి తీస్తాను. అప్పుడు మాట్లాడుకో."

"గప్పటిదాంక పిల్ల ఉంటదో లేదో."

పిల్ల అంటే మనవరాలు. కూతురు పూలమ్మకు ఇంతకుముందు ఇద్దరు పుట్టి, పేరు పెట్టే ఇరవై ఒకటో రోజు రాకముందే పోయారు. ఇది మూడోది, పదిహేడు రోజుల పసిగుడ్డు. ఒళ్లు కాలిపోతోంది, పాలు పట్టడం లేదు. "దవాఖానల సూదులిచ్చిన్రు. వాళ్లతోని అయినకాడికి చేసిన్రు" అన్నాడు. ఇక పూలమ్మ పక్కింటి యాదవ్వతో మాట్లాడుకుంది. సాయంత్రం పిల్లను చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. యాదవ్వ వచ్చి, దొరికిన పిల్లలా ఎత్తుకుంటుంది. పూలమ్మ ఆమెకు తవుడు పోసి పిల్లను కొనుక్కుని, పెంటమ్మ అని పేరు పెట్టుకుంటుంది.

"మంచిదేగా. నువ్వూ అలాగే బతికావు" అన్నాను.

"నేను బతికిన్నా అయ్యగారు?" అన్నాడు.

తలుపు మూసి తాళం వేశాను. పన్నెండు దాటితే తెరవకూడదు, నియమం అని చెప్పాను. నియమం ఒప్పుకునేదే, నా ఆకలే ఒప్పుకోలేదు. బిచ్చయ్య రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

నా గది గుడి వెనకే. కిటికీ తెరిస్తే మంటపంలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మొదట బతిమాలుకున్నాడు. నన్ను తీసుకో, పిల్లను విడిచిపెట్టు అన్నాడు. రోజూ ఎవరో ఒకరు అనే మాటలే కనుక నేను చారు కలుపుకుంటూ విన్నాను. కాసేపటికి గొంతు మారింది.

"నలుగురన్నలను తీస్కపోయినవ్. నా బిడ్డ కడుపుల ఇద్దర్ని తీస్కపోయినవ్. ఒక్కరికన్న పేరున్నదా? పేరు వెట్టకముందే ఎత్తుకపోయెటోన్ని ఏమంటరు? దొంగ అంటరు. నువ్వు దొంగవు. గందుకే మా అవ్వ నన్ను నీకు కనవడకుంట దాచింది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి వెళ్లి, గుడిలో ఇవేం మాటలని గద్దించాలి. అది నా పని. వెళ్లలేదు. నాలుగేళ్ల కిందట మా ఆవిడ పోయినప్పుడు నేను అనవలసినవి వాడెవడో నిలబడి అంటున్నాడు. సిగ్గేసింది. మిగిలిన అన్నం సహించలేదు.

రెండింటికి మంచినీళ్లు తీసుకుని వెళ్లాను. నుదురు ఇనుముకు ఆనించి అలాగే ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"కూర్చోవయ్యా, పడిపోతావు."

"కూసుంటే ఇడిసిపెట్టినట్టయితది."

"ఆయన మాట్లాడతాడనుకుంటున్నావా?"

"మాట్లాడకుంటె మానె. నేనైతె గీడికెళ్లి కదల. యాభై ఏండ్లు దాక్కున్న, అలిసిపోయిన. ఇగ దాక్కునుడు నాతోని కాదు."

నీళ్లు ముట్టలేదు. గదికి వచ్చి పడుకున్నాను గాని నిద్ర ఎక్కడిది. మూడు దాటాక మళ్లీ మాట వినిపించింది. ఈసారి బతిమాలడం లేదు, తిట్టడం లేదు. తనతోపాటు బండి తోసే మనిషితో చెప్పుకున్నట్టుంది.

"నువ్వు గూడ ఇల్లిల్లు తిరిగి బిచ్చమెత్తినోనివే గద. నీ నుంచి దాచెతందుకు అవ్వ నన్ను తీస్కపోయి నీ జోలెలనే ఏసింది. పాపం, ఆమెకు తెల్వదు. నాకూ గిప్పుడే తెలిసింది. ఇన్నేండ్లు నువ్వు నన్ను చూస్తనే ఉన్నవా?"

ఆ తర్వాత ఏడ్చాడు. మగవాడు అంతసేపు ఏడవగా నేను వినలేదు.

నాలుగింటికి తాళం తీశాను. కమ్మీలు పట్టిన వేళ్లు ముడుచుకుపోయి విడిరాలేదు. నేనే ఒక్కొక్కటిగా విడదీశాను.

"అర్చన చెయ్యుండ్రి" అన్నాడు.

"గోత్రం?"

"తెల్వదు."

"శివగోత్రం అంటాను. పేరు?"

"బిచ్చయ్య" అన్నాడు. గర్భగుడి గోడలకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా అన్నాడు. "నా మనవరాలు, ఈశ్వరి."

"ఆ పేరెప్పుడు పెట్టారు?"

"ఇప్పుడే. ఆయన పేరే వెట్టిన. ఏమన్నంటె నన్నననీ."

ఆ అర్చనకు మంత్రం నా నోట్లోంచి తడబడుతూ వచ్చింది. చిన్నప్పుడు గురువుగారి ముందు అప్పగించినట్టుంది. అయ్యాక, గుడి ఎవరికీ అప్పజెప్పకుండా, చెంబులో తీర్థం పట్టుకుని అతని వెనకే నడిచాను.

మేం వెళ్లేసరికి చేట పెంటకుప్ప మీదికి చేరింది. అందులో పిల్ల మూలగడానికైనా ఓపిక లేకుండా పడి ఉంది. యాదవ్వ చేతులు చాచి వంగబోతోంది. పూలమ్మ కొంగులో తవుడు మూటకట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది. బిచ్చయ్య యాదవ్వ కంటే ముందు వెళ్లి పిల్లను ఎత్తుకున్నాడు.

"దింపు నాయినా" అంది పూలమ్మ. "ఆయన చూస్తడు."

"చూడనీ."

"చూస్తె తీస్కపోతడు."

"తీస్కపోతె పేరు వట్టి పిలిచి తీస్కపోవాలె బిడ్డా. పెంట మీదికెళ్లి కాదు. మనం పారేసినోళ్లం గాదు."

చెవిలో చెప్పవలసిన పేరును సందంతా వినబడేలా మూడుసార్లు పిలిచాడు. యాదవ్వ భయపడి లెంపలేసుకుంది. పూలమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. నా బిడ్డను నీ చేతులతో చంపినవ్ అంది. అతను పిల్ల పెదవుల మీద తీర్థం చుక్క అద్దాడు.

మర్నాటికి జ్వరం దిగింది. మూడో రోజున పిల్ల పాలు తాగింది. ఇరవై ఒకటో రోజు వెళ్లింది, నెల వెళ్లింది. బిచ్చయ్య రోజూ వచ్చి ఎదురుగా నిలబడి, తన పేరూ మనవరాలి పేరూ చెప్పేవాడు. నేను గుడికి వచ్చినవాళ్లందరికీ ఈ కథ చెప్పి, మా శివుడి మహిమ చూశారా అని ఛాతీ విరుచుకునేవాణ్ణి.

ముప్పై ఆరో రోజు మళ్లీ జ్వరం వచ్చింది. ముప్పై ఎనిమిదో రోజు తెల్లవారి ఈశ్వరి పోయింది.

కబురు విని నేను వెంటనే వెళ్లలేదు. మొహం చెల్లలేదు. ఎండెక్కాక కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. సందు మలుపులోనే పూలమ్మ ఏడుపు వినిపించింది. ఈశ్వరీ, నా ఈశ్వరమ్మా, నీ కండ్లు పెద్దయిగద నా ఈశ్వరీ అని, ఆ నెలరోజుల్లో పిల్ల చేసిన ప్రతి చేష్టా చెప్పి, ప్రతిసారీ పేరు పెట్టి పిలిచి ఏడుస్తోంది. బిచ్చయ్య గడప పక్కన కూలబడి ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"నా అర్చన ఎందుకూ కొరగాలేదు బిచ్చయ్యా" అన్నాను.

లోపలి ఏడుపు వైపు తల తిప్పి అన్నాడు. "గా ఇద్దరు పోయినప్పుడు నా బిడ్డ ఏడ్వలే అయ్యగారు. ఏమని పిలిచి ఏడుస్తది? నోట్ల గుడ్డ కుక్కుకున్నట్టు కూసున్నది. ఏండ్లకేండ్లు గట్లనే కూసున్నది. ఇయ్యాల ఏడుస్తున్నది."

"దేవుడి మీద కోపం లేదా నీకు?"

"ఎందుకుండదు? మస్తున్నది. పొద్దుగాల వచ్చి ఆయన మొకం మీదనే అడుగుత. గిప్పుడు ఆయనకు నేను తెలుసు, నాకు ఆయన తెలుసు."

లోపల ఏడుపు ఆగింది. పూలమ్మ గుమ్మంలోకి వచ్చింది. తండ్రే తన చేతులతో చంపాడన్న మనిషి, వచ్చి తండ్రి భుజం పట్టుకుంది.

"నాయినా, నువ్వు గూడ పిలువు" అంది. "గట్టిగ పిలుస్తవు గద. పిలువు."

బిచ్చయ్య నోరు తెరిచాడు. గొంతు రాలేదు. ముందు నేను పిలిచాను.