ఆవిరి పట్టిన తరవాణి కుండ

నేను ఒక కుండను. నీళ్ళ కుండను కాదు, తరవాణి కుండను. నీళ్ళ కుండలు మూలన చల్లగా కూర్చుని పుణ్యం కట్టుకుంటాయి. నాకా నిలకడ లేదు. పొద్దున పోసిన గంజి సాయంత్రానికి బుడగలు తీస్తుంది, మర్నాటికి పులిసి నురగ కడుతుంది. బుద్ధెరిగాక, ఒకే ఒక్కసారి తప్ప, నేను ఊరికే ఉన్నది లేదు.

విజయనగరం దగ్గర ఒక కుమ్మరి నన్ను చేసి కాల్చి సంతలో పెట్టాడు. కొన్నది ఎరకమ్మ అత్తగారు. ఆవిడ తన పాత కుండలోంచి ఒక లోటా పులుపునీళ్ళు నాలో పోసింది. దాన్నే తోడు అంటారు. ఆ పాత కుండకు అంతకు ముందటి కుండ ఇచ్చింది. అలా ఎన్ని కుండల వెనక్కి పోతుందో నాకే తెలీదు. అత్తగారు పోయేముందు బంగారం సంగతి ఎత్తలేదు. "కుండ ఎండనీకే, ఎరకా" అంది. పాతికేళ్ళుగా ఎరకమ్మ ఎండనివ్వలేదు. రోజూ గంజి పోస్తుంది, పచ్చిమిరపకాయ నంజుకుని లోటాడు తాగి పొలానికి పోతుంది. నా మట్టి గోడల్లో కంటికి కనపడని కాపురాలు కోట్లు ఉన్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. లోపల తోమితే తరవాణి చస్తుందని మాత్రం తెలుసు.

ఆ కాపురాల కోసమే హైమ వచ్చింది. విశాఖపట్నంలో పరిశోధన చేసే అమ్మాయి. తరవాణి తాగేవాళ్ళ పేగుల్లోని సూక్ష్మజీవులు మిగతావాళ్ళ వాటికంటే వేరుగా ఉంటాయా అన్నది ఆమె చదువు. మొదటి రోజు మూత బిగించిన చిన్న డబ్బా ఇచ్చి, అందులో ఏం కావాలో తల వంచుకుని చెప్పింది.

ఎరకమ్మ డబ్బాను తిప్పి తిప్పి చూసింది. "ఇన్నేల్లు సదివి దీనికా వొచ్చినావమ్మా?"

అన్నా ఇచ్చింది. ఏడాదిలో ఆరుసార్లు ఇచ్చింది. లోకమంతా ముక్కు మూసుకునే దాన్ని ఆ అమ్మాయి ఐసుపెట్టెలో సర్దుకుని, బస్సులో చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పోయేది. మనుషుల మీద నాకు కాస్త గౌరవం కలిగింది అప్పుడే.

చివరికి నన్నే ఇమ్మని ఎరకమ్మను అడిగింది. నా గోడల్లో ఉన్నవీ ఎరకమ్మ పేగుల్లో ఉన్నవీ ఒకటేనా అన్నది తేలాలి. తేలకపోతే మూడేళ్ళ పని సగంలో ఆగుతుంది. "రెండు రోజుల్లో తెచ్చి ఇచ్చేస్తాను, మామ్మా" అంది. ఎరకమ్మ నా మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. దారి పొడుగునా కుదుపు కుదుపుకూ నా ప్రాణం గొంతులోకి వచ్చింది.

ప్రయోగశాలలో హైమ నన్ను బల్ల మీద పెట్టి, "జాగ్రత్త, శుభ్రంగా ఉంచండి" అని చీటీ అంటించి భోజనానికి వెళ్ళింది. అక్కడి అటెండరు ధర్మారావు ఇరవయ్యేళ్ళలో ఒక్క సీసా పగలగొట్టని మనిషి. చీటీ చదివాడు. వాసన చూశాడు. పాచిపోయిందనుకున్నాడు. పారబోసి, సబ్బుతో కడిగి, పెద్ద కుక్కరు లాంటి ఆవిరియంత్రంలో పెట్టి ఉడికించాడు. నేను ఆవంలో కాలినదాన్ని, వేడి నాకు కొత్త కాదు. కానీ నాలోని వాళ్ళంతా పోయారు. అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

"ఎలా మెరుస్తోందో చూడండి మేడం" అన్నాడు ధర్మారావు.

హైమ స్టూలు మీద కూలబడింది. నాలోంచి ఆమె ఇంకా ఒక్క చుక్క కూడా తీసుకోలేదు.

మర్నాడే నన్ను తెచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎరకమ్మ నా మూతి దగ్గర ముక్కు పెట్టింది. "సంపేసినారు" అంది. కళ్ళు తుడుచుకుంది. హైమ ఏడ్చింది. చివరికి ఎరకమ్మే అంది: "మా అత్త తోడు ఇంకొక్క ఇంట్లో ఉన్నాది."

ఆ ఇల్లు గోడ అవతలే ఉంది. అక్కడుండేది తోటికోడలు అప్పాయమ్మ. ఒకప్పుడు అప్పాయమ్మ కుండ పగిలితే ఎరకమ్మే ఒక లోటా తోడు ఇచ్చింది. తరవాత మూరెడు జాగా కోసం తగువై మధ్యలో గోడ లేచింది. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఎరకమ్మ నన్ను చంకన పెట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పద తల్లీ అని అరవాలనిపించింది, కుండకు నోరుంది గానీ మాట లేదు కదా. మూడోసారి గుమ్మం దాటింది.

అప్పాయమ్మ నన్ను చూసింది, వాసన లేని నా మూతిని చూసింది. లోపలికి వెళ్ళి లోటా నిండా తెచ్చి నాలో పోసింది.

"నీదే కదేటక్కా. నానేటి సేసినాను, గంజి పోసినానంతే."

ఎరకమ్మ తల ఊపి వచ్చేసింది.

మొదటి రోజు నాలో ఏమీ కదలలేదు. రెండో రోజూ అంతే. సబ్బు ఇంకా నా ఒంట్లో ఉందేమోనని బెంగ. ఎరకమ్మ గంటకోసారి నాకు చెవి ఆనించేది, హైమ ఊరు వదిలిపోలేదు. మూడో పొద్దున ఒక్క బుడగ చిట్లింది. తరవాత ఇంకొకటి. హైమ నాలోంచి నాలుగు చుక్కలు చిన్న సీసాలోకి తీసుకుని, కాగితం తెరిచింది.

"కుండ ఎవరిదని రాయను, మామ్మా? మీ పేరే కదా?"

ఎరకమ్మ గోడ వైపు తిరిగి, అవసరమైనదానికంటే గట్టిగా చెప్పింది. "అప్పాయమ్మ అని రాయి. మా తోటికోడలు. నా పేరు దానికింద రాయి."

గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు, పులుస్తూనే ఉన్నాను.