నున్నటి గడ్డం కేసు

వరద వంతెనను ఎత్తుకుపోయిన ఏడాది జరిగిందిది. అవతలి ఒడ్డుకు దారి లేదు. ఇవతల కటింగ్ షాపు మాదొక్కటే. నేనూ, మా అక్క మొగుడూ కలిసి నడిపేవాళ్ళం. పడక విడిపోయాం. అద్దాలు పంచుకున్నాం, కత్తెరలు పంచుకున్నాం. తిరిగే కుర్చీ మాత్రం ఒక్కటే. దాన్ని కోయలేం గదా. అది లేనివాడి దగ్గరికి ఎవరూ రారు.

తగువొస్తే మధ్యవర్తి మాట వింటామని షాపు పెట్టిన రోజునే కాగితం రాసుకున్నాం. అందుకని రిటైరైన పోస్టుమాస్టరు గారిని కూర్చోబెట్టాం. నికార్సయిన మనిషి. తగువు తేలేదాకా మా ఇద్దరిలో ఎవరి చేతా గడ్డం గీయించుకోనన్నారు. సొంతంగా గీసుకుందామంటే చేతులు వణుకు. గడ్డం పెరిగి పెరిగి, మనవరాలు ఆయన్ని చూసి జడుసుకుందట.

తీర్పు రోజున నున్నగా వచ్చారు. కుర్చీ బావకిచ్చారు.

నాకు మండింది. ఊళ్ళో కత్తి పట్టేది ఇద్దరం. నేను గీయలేదు. ఇంకెవరు గీసినట్టు? మధ్యవర్తి బావ పక్షం, తీర్పు కొట్టెయ్యండని కోర్టుకెక్కాను. అక్క నాతో మాటలు మానేసింది.

జడ్జి గారు అర్జీ చదివి తన గడ్డం తడుముకున్నారు. కేసు తేలేదాకా తనకూ అదే గతని అప్పుడు తెలిసొచ్చినట్టుంది. ఒకసారి తన చేత్తో గీసుకోబోయి చెంప మీద దూది అంటించుకొచ్చారు. మళ్ళీ ఆ జోలికి పోలేదు. వకీళ్ళూ గుమాస్తాలూ కూడా పెంచారు. వాయిదాలు గడిచేకొద్దీ కోర్టు హాలు ఎలుగుబంట్ల సభలా తయారైంది.

ఆఖరికి పోస్టుమాస్టరు గారు బోనెక్కారు. ఆ గడ్డంతో ఇంట్లో అడుగు పెట్టొద్దని వాళ్ళావిడ అందట. తీర్పు రోజున ఆవిడే గీసిందట, ఇప్పటికీ ఆవిడే గీస్తోందట. నా వకీలు నమ్మలేదు. ఆ గడ్డం ముమ్మాటికీ మా బావ చేతి పనేనన్నాడు.

ఆ మాటకు బావ లేచాడు.

"మధ్యవర్తిని బుట్టలో వేసుకున్నానంటే ఆ మాట పడతానండీ. ఆ దవడ కింద చూడండి, దుబ్బులు దుబ్బులుగా వదిలేసుంది. అది నా పనంటే మాత్రం ఊరుకోను. కావాలంటే మా బావమరిదినే అడగండి."

జడ్జి గారు నన్ను చూసి చెప్పమన్నారు. దగ్గరికెళ్ళి చూశాను. ఒక చెవి దగ్గర గీత పైకుంది, రెండో చెవి దగ్గర కిందికుంది. దవడ కింద గడ్డి దున్నినట్టుంది. బావ పనేనంటే కుర్చీ నాది.

"మా బావ కళ్ళు మూసుకు గీసినా ఇట్లా రాదండి," అన్నాను.

నా వకీలు తల పట్టుకున్నాడు. కేసు పోయింది. కుర్చీ బావదయింది.

మెట్లు దిగుతుంటే బావ పక్కకొచ్చాడు.

"రేపు కోర్టు కోర్టంతా నా మీద పడుతుందిరా. నా ఒక్కడి వల్ల కాదు. కత్తి పట్టుకురా," అన్నాడు.

తెల్లారి షాపుకు పోయాను. జడ్జి గారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. రేపెవరూ నోరెత్తకుండా చెరో చెంపా గీయమన్నారు. కుడి చెంప బావ గీశాడు. కుర్చీని నా వైపు తిప్పుకుని ఎడమది నేను గీశాను.