సభ అయ్యేదాకా

ప్రపంచం ఎప్పుడు అంతమవుతుందో తేలేలోపు నేను మూడుసార్లు టీ పెట్టాలి. మొదటిది ప్రార్థనకు ముందు, రెండోది బైబిల్లో దానియేలు ప్రవచనం దగ్గర గొంతులు లేచినప్పుడు, మూడోది ఎవరూ ఎవరితోనూ ఏకీభవించకుండా అందరూ లేచి నిలబడినప్పుడు. మూడోదానిలో చక్కెర కాస్త ఎక్కువ వెయ్యాలని మా ఆయన ఆర్డరు. మనసుల్లో చేదు మిగలకూడదట. వారమంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళతో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన సభ జరుగుతుంటే పొయ్యి దగ్గర నిలబడి లోకాంతం వింటూ ఉంటాను. వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు. పరదా ఒకటి ఉంది. అన్నీ వినబడతాయి.

మా ఆయన లెక్కల మాస్టారు. ప్రవచనంలో ఒక రోజంటే ఒక సంవత్సరమని ఆయన పట్టు. యెరూషలేమును మళ్ళీ కట్టుకోమని రాజు ఆజ్ఞ ఇచ్చిన ఏడాదితో మొదలుపెట్టి వేళ్ళు మడుచుకుంటూ మన కాలం దాకా వచ్చేస్తాడు. ఎదుటి కుర్చీలో సర్వేయరుగారు ఉంటారు. రిటైరైనా కొలతల పిచ్చి పోలేదు. ఆజ్ఞ ఒక్క రాజు ఇచ్చాడా, ఏ ఆజ్ఞ నుంచి లెక్కపెడతారు, మొదటి రాయి తప్పుచోట పాతితే హద్దులన్నీ పక్కవాడి పొలంలోకి పోవూ అంటారు. అసలు ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పాక మనకెందుకీ తంటా అని కూడా అంటారు. మా ఆయన అప్పుడు తప్పకుండా నవ్వుతాడు. "దినం తెలియదన్నాడు, గడియ తెలియదన్నాడు. ఏడాది తెలియదన్నాడా?" ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే నవ్వు.

ఆయన కట్టిన మొదటి తేదీ మా పెళ్ళైన కొత్తలో వచ్చింది. ప్రభువు వచ్చే వేళకు ఇంట్లో అంట్లుంటే ఏం బాగుంటుందని అత్తగారు అంటే, ఆ రోజు ఇల్లు కడిగి, గిన్నెలు తోమి, దుప్పట్లు ఉతికి ఆరేశాను. లోకం మాటేమో గానీ ఇంటిపనికి ఏ ప్రవచనమూ అంతం చెప్పలేదు. మర్నాడు పొద్దున పాలవాడు గంట కొట్టాడు. మా ఆయన మంచం దిగలేదు. కొన్నాళ్ళకు ఉన్నట్టుండి లేచి కూర్చుని, తప్పు దొరికిందన్నాడు. క్రీస్తుకు ముందు ఒకటో ఏడాది అయిపోగానే క్రీస్తు తర్వాత ఒకటో ఏడాది వచ్చేస్తుందట, మధ్యలో సున్నా ఏడాదంటూ లేదట, ఆయన అది ఉన్నట్టు లెక్క కట్టాడట. కాబట్టి ఇంకో ఏడాది మిగిలింది. లెక్కల మాస్టారు సున్నా దగ్గర బోల్తా పడ్డాడని బయటివాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆయన మళ్ళీ అన్నం తిన్నందుకు ఆనందం వేసింది. ఆ మిగిలిన ఏడాదిలోనే నాకు నెల తప్పింది.

చెబితే ఆయన ముఖం పాలిపోయింది. ఆ దినాల్లో గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఎంత శ్రమో రాసి ఉంది కదా అన్నాడు. "ఇప్పుడేం తొందరొచ్చిందమ్మా నీకు" అంది అత్తగారు, తొందర నా ఒక్కదానిదే అయినట్టు. మూడో నెలలో ఒక ఆదివారం, ముందుగదిలో వాదన మంచి పాకాన ఉన్నప్పుడు నాకు నడుం లాగి తడి తెలిసింది. పరదా తొలగించి పిలిచాను. ఆయన వచ్చాడు, విన్నాడు. "సభ అయ్యేదాకా ఓర్చుకో. టీ ఇచ్చెయ్, తర్వాత వెళ్దాం" అన్నాడు. గోడ పట్టుకుని వెళ్ళి టీ ఇచ్చాను. ఎవరో చక్కెర చాలలేదన్నారు. ఆసుపత్రికి వెళ్ళేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మరుసటి ఆదివారం ఆయన కళ్ళు మూసుకుని, రాబోయే శ్రమల నుంచి నా భార్యను తప్పించినందుకు స్తోత్రం ప్రభువా అని ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు. పరదా వెనక నేను అనలేదు. అన్నానో లేదో ఎవరు చూశారు కనక.

ఆ ఏడాదీ గడిచింది, లోకం ఎక్కడికీ పోలేదు. తర్వాత వేరే రాజు, వేరే ఆజ్ఞ, వేరే తేదీ. పిల్లల మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక తేదీ దగ్గర్లోనే ఉండేది. నేను స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తాను. పోయిన బిడ్డ నాకు కనిపించడం మొదలైంది అక్కడే. చిన్న సైజులు మిషను కిందికి వచ్చిన ఏడాది అది నా మోకాలి పక్కన నిలబడేది. ఆడో మగో ఎవరూ చెప్పలేదు, అందుకని లాగూలు కుట్టేటప్పుడు అబ్బాయి, గౌన్లు కుట్టేటప్పుడు అమ్మాయి. ఏటేటా నాకిచ్చే సైజు మారుతూ వచ్చింది, అదీ ఎదుగుతూ వచ్చింది. చేతులు పొడుగైపోతున్నాయని అంచుల్లో గుడ్డ వదిలేదాన్ని. "నీకేం, ఇంటి దగ్గర పిల్లా పీచూనా, ఇంకో గంట కూర్చో" అంటాడు సూపర్‌వైజరు. ఆ గంటకు కూలి లేదు. అయినా కూర్చుంటాను, అది పక్కనుంటుందని. ఇప్పుడది పెద్ద సైజుల్లోకి వచ్చింది. త్వరలో స్కూలు అయిపోతుంది. ఆ తర్వాత నా దగ్గరికి రావడానికి దానికేం పనుంటుందని తలుచుకుంటే, నాకు లోకాంతమంటే అదే అనిపిస్తుంది.

ఈ ఆదివారం వంటింట్లో నాకు తోడుగా ఇంకొకరున్నారు. మా సభకు కొత్తగా వస్తున్న, పార్సిళ్ళు పంచే కుర్రాడి భార్య. అతన్ని సభలో అందరం కొరియర్ తమ్ముడంటాం. ఐదో నెల. మనిషి పలచన, మాట ఇంకా పలచన. మా ఆయన కట్టిన కొత్త తేదీ ఆ పిల్ల కాన్పుకు ముందే పడింది. అందుకని ఆసుపత్రిలో పేరు రాయించలేదట. నమ్మినవాళ్ళు అలా ముందుజాగ్రత్తలు పడితే అది అవిశ్వాసం కాదా అని మాస్టారే అన్నారని ఆ పిల్లే చెప్పింది, తప్పు పట్టినట్టు కాదు, పాఠం అప్పజెప్పినట్టు. మా ఇంట్లోనే, నేను షెడ్డులో ఉన్నప్పుడు అన్న మాట అది, నాకే తెలియదు.

పొయ్యి మీద రెండో టీ మరుగుతోంది. ముందుగదిలో రాజులు కొట్టుకుంటున్నారు. కప్పులు తుడుస్తున్న పిల్ల బల్ల అంచు పట్టుకుని ఆగిపోయింది.

"అక్కా, పొద్దుట్నుంచీ నడుం లాగేస్తోంది. ఇప్పుడు తడి తెలుస్తోంది."

"మీ ఆయనకు చెప్పావా?"

"చెప్పాను. సభ అయ్యాక చూద్దామన్నాడు."

నా వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టైంది. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఏ వయసులో కనబడుతుందో నాకు తెలుసు. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి చూశాను. రక్తం. కొద్దిగానే, కానీ ఎర్రగా. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో అంత కోపం. పొయ్యి ఆర్పాను. పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి పరదా దాటించి ముందుగదిలోకి తీసుకొచ్చాను.

మా ఆయన నా చేతుల వైపు చూసి టీ ఏదన్నాడు. నేను కొరియర్ తమ్ముడితో, నీ భార్యకు రక్తం కనబడింది, బండి తియ్యి, ఆసుపత్రికి వెళ్దాం అని చెప్పాను. ఆ అబ్బాయి సగం లేచి మాస్టారి ముఖం చూశాడు. మాస్టారు అరచెయ్యి చూపించాడు, క్లాసులో పిల్లల్ని కూర్చోమన్నట్టు.

"కంగారు పడకండి. ఇంకో కాసేపట్లో అయిపోతుంది. ముగింపు ప్రార్థన చేసుకుని అందరం కలిసే వెళ్దాం."

ఆ గొంతులో చెడ్డతనమేమీ లేదు. అప్పుడూ లేదు. నిజంగా కాసేపే అనుకున్నాడు, అప్పుడూ ఇప్పుడూ.

"మీకు తేదీలన్నీ తెలుసు కదండీ" అన్నాను. "మన బిడ్డ పోయిన తేదీ చెప్పండి."

సర్వేయరుగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కొరియర్ తమ్ముడు లేచి, మాస్టారిని అడగకుండానే, బండి తాళం కోసం జేబులు వెతుక్కున్నాడు. మా ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఒకటి మడిచాడు, తెరిచాడు. మళ్ళీ మడిచాడు. నేను ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పులు తొడిగాను, తనను వంగనివ్వలేదు. మేము గడప దాటుతుంటే వెనక ఆయన గొంతు వినబడింది. నన్ను కాదు. సర్వేయరుగారిని మెల్లిగా అడుగుతున్నాడు.

"అది ఏ ఏడాదండీ?"